జనం తగ్గుతున్న సంపన్న శివారులో ఇళ్ల ధరలు ఎలా పెరుగుతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక పెద్ద నగరాన్ని ఆనుకుని ఉన్న సంపన్న శివారులో ఇల్లు కొనాలనుకుంటున్నారు. ఆ ప్రాంతం గురించి మీ చేతికొచ్చిన కాగితాల్లో మధ్యగత ధర (అమ్ముడైన ఇళ్ల ధరల్లో సరిగ్గా నడుమ నిలిచేది) ఏడాదిలో బాగా పెరిగిందని ఉంది. అదే కాగితాల్లో పదేళ్లుగా జనాభా తగ్గుతోందని, నివాసుల మధ్యగత వయసు పెరిగిందని, బడి ఈడు పిల్లలు తగ్గారని కూడా ఉంది. మనుషులు తగ్గే చోట ఇళ్ల ధరలు పెరగడమేమిటి, రెండింటిలో ఏదో ఒకటి తప్పు కాదా అని అడిగారు.

రెండూ నిజమై ఉండవచ్చు. ఇరవై ఏళ్లకు పైగా ఆస్తుల మదింపు పనిలో ఉన్నాను. ఇలాంటి శివార్లలో ఈ రెండు అంకెలకూ మూలం ఒకటేనని పదే పదే చూశాను. అక్కడ స్థిరపడినవాళ్లు కదలరు. వాళ్లు ఇల్లు వదలకపోతే పిల్లలు పెరిగి బయటకు వెళ్తారు, పెద్దవాళ్లు మిగులుతారు, జనాభా తగ్గుతుంది. వదలని ఇల్లు అమ్మకానికి రాదు కాబట్టి వచ్చిన కొద్దిపాటి ఇళ్ల మీద కొనేవాళ్లందరూ పడతారు, ధర పెరుగుతుంది. జనగణన లెక్క చెప్పేది ఉన్నవాళ్ల గురించి. ధరల లెక్క చెప్పేది ఆ ఏడాది చేతులు మారిన కొన్ని ఇళ్ల గురించి. ఈ తేడా పట్టుకుంటే మీ చేతిలోని కాగితాలు వేరేగా కనిపిస్తాయి.

ఒక ఇంటి సంగతి చెబుతాను. ఐదు పడక గదుల ఇల్లు, మదింపుకు పిలిచారు. ఉంటున్నది డెబ్బై దాటిన ఆమె ఒక్కరే. మేడ మెట్లకు అడ్డంగా ఒక చిన్న బల్ల వేసి ఉంది. దాని మీద మందుల డబ్బాలు, కళ్లద్దాలు, విప్పని ఉత్తరాలు. మోకాళ్ల నొప్పులతో పైకి వెళ్లడం మానేసి నాలుగేళ్లయిందని చెప్పారు. బల్ల పక్కకు జరిపి, టేపు పట్టుకుని నేను పైకి వెళ్లాను. మూడు గదుల్లో మంచాల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఒక గది ద్వారబంధం మీద పెన్సిలు గీతలు, పక్కన తేదీలు. పిల్లలు ఎదుగుతుంటే ఏటా కొలిచి గీసినవి. ఆ ఇంట్లో ఒకప్పుడు ఆరుగురు ఉండేవారు. గోడ ఒక్కటి కూడా కదలలేదు గానీ జనాభా ఆరో వంతుకు వచ్చింది. ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగు ఉంటే చాలు, ఖాళీ ఇల్లు ఒక్కటీ లేకుండానే ఆ శివారు జనాభా తగ్గినట్టు లెక్క తేలుతుంది.

పెద్ద ఇల్లు అమ్మి దగ్గరలో చిన్నది తీసుకోవచ్చు కదా అని ఆమెను అడిగాను. "ఇక్కడ చిన్న ఇల్లు ఎక్కడుందో చూపించండి" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ చుట్టుపక్కల కట్టినవన్నీ పెద్దవే.

అది యాదృచ్ఛికం కాదు. చాలా సంపన్న శివార్లు నిబంధనల వల్లే ఆ రూపం తీసుకున్నాయి. స్థలం ఇంత విస్తీర్ణానికి తగ్గకూడదు, ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండాలి, ఎత్తు ఇంత మించకూడదు, చుట్టూ ఇంత ఖాళీ వదలాలి అనే నియమాలవి. అమెరికాలో ఇలాంటి నిబంధనలకు చట్టబలం తెచ్చింది 1926లో సుప్రీంకోర్టు ఇచ్చిన యూక్లిడ్ తీర్పు. క్లీవ్‌లాండ్ నగర శివారైన యూక్లిడ్ గ్రామం భూమిని వాడకం వారీగా విభజిస్తే, ఒక స్థిరాస్తి సంస్థ కోర్టుకు వెళ్లింది, ఓడిపోయింది. విడి ఇళ్ల మధ్య కట్టే అపార్టుమెంటు చాలాసార్లు ఒక పరాన్నజీవి వంటిదేనని ఆ తీర్పులో రాశారు. మనుషులు ఉండే ఇంటిని ఆ మాట అనడం నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది. తర్వాత దశాబ్దాల్లో వేల శివార్లు ఆ దారిలోనే నడిచాయి. 1975లో న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు మౌంట్ లారెల్ కేసులో దీనికి అడ్డుకట్ట వేయబోయింది. తక్కువ, మధ్యస్థ ఆదాయాలవారికి కూడా ఇళ్లు ఏర్పడే వీలును పట్టణాలు తమ నిబంధనల్లో కల్పించాలని చెప్పింది.

ఉద్దేశం మంచిదైనా ఫలితం ఇలాగే ఉండవచ్చనడానికి లండన్‌లోని హ్యాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ ఉదాహరణ. సంఘ సంస్కర్త హెన్రియెట్టా బార్నెట్ 1907లో దాన్ని మొదలుపెట్టినప్పుడు అన్ని తరగతుల వాళ్లూ, అన్ని ఆదాయాల వాళ్లూ పక్కపక్కనే ఉండాలని కోరుకున్నారు. ఎకరానికి సగటున ఎనిమిది ఇళ్లకు మించకూడదని, గోడలకు బదులు పచ్చని కంచెలు ఉండాలని, చెట్లున్న వెడల్పాటి వీధులు ఉండాలని నియమం పెట్టారు. ఇప్పుడది లండన్‌లో ఖరీదైన ప్రాంతాల్లో ఒకటి. నగరం చుట్టూ పెరిగింది, ఎకరానికి ఇళ్ల సంఖ్య మాత్రం పెరగలేదు. అన్ని తరగతుల కోసం అనుకున్న వీధుల్లోకి కొత్తగా రాగలిగేది ఒక తరగతి మాత్రమే అయింది. కాబట్టి ఏ శివారు ధరలైనా చూసే ముందు నేను అక్కడి భవన నిబంధనలు చదువుతాను. మీరూ మొదట అదే చేయండి.

చిన్న ఇల్లు దొరకకపోవడం ఒక కారణం. పన్నులు, రుణాలు ఇంకో పెద్ద కారణం. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ప్రకారం ఆస్తి పన్ను విధించదగిన విలువలో 1 శాతం దగ్గర ఆగుతుంది. ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఇల్లు అమ్మితే మాత్రం కొత్త ధర మీద మళ్లీ లెక్క మొదలవుతుంది. నలభై ఏళ్ల క్రితం కొన్న పెద్దాయనకు, ఆయన పక్కింటిని నిరుడు కొన్నవారికి ఒకే రకం ఇంటి మీద పన్నులో ఎన్నో రెట్ల తేడా ఉండవచ్చు. అలాంటప్పుడు ఆయన ఎందుకు కదులుతారు? ఇది గ్రహించే 2020లో 19వ ప్రతిపాదన తెచ్చారు. 55 ఏళ్లు దాటినవాళ్లు ఇల్లు మారినా పాత పన్ను విలువను రాష్ట్రంలో ఎక్కడికైనా, మూడుసార్ల వరకు వెంట తీసుకెళ్లవచ్చు.

రుణం కూడా ఇలాగే కట్టిపడేస్తుంది. అమెరికాలో 30 ఏళ్ల స్థిర వడ్డీ గృహరుణం సగటు రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరులో 7.79 శాతానికి చేరింది. తక్కువ రేటు చేతిలో ఉన్నవాళ్లు ఇల్లు అమ్మితే ఆ రుణం పోయి, కొత్త ఇంటికి రెండు మూడు రెట్ల వడ్డీ కట్టాలి. అమ్మకానికి పెట్టడమే మానేశారు. 2023లో అక్కడ పాత ఇళ్ల అమ్మకాలు 40.9 లక్షలకు పడిపోయాయి. 1995 తర్వాత అప్పటివరకు అంత తక్కువ ఎప్పుడూ లేదు. అదే ఏడాది మధ్యగత ధర మాత్రం వార్షిక లెక్కల్లో కొత్త గరిష్ఠానికి చేరింది. వడ్డీ రెట్టింపు దాటినా ధర తగ్గకపోవడం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. కొనేవాళ్లు తగ్గినట్టే అమ్మేవాళ్లూ తగ్గిపోయారు, అంతే.

ఇప్పుడు మీ కాగితంలోని ధర పెరుగుదల దగ్గరకు వద్దాం. మధ్యగత ధర అంటే అమ్ముడైన ఇళ్లను ధర క్రమంలో వరుసగా నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచేది. పెద్ద నగరం మొత్తానికి ఇది మంచి కొలమానమే. ఏడాదికి పదుల సంఖ్యలో మాత్రమే ఇళ్లు అమ్ముడయ్యే శివారుకు ఇది తప్పుదారి పట్టిస్తుంది. ఊరికే ఒక లెక్క చూడండి. నిరుడు తొమ్మిది ఇళ్లు అమ్ముడయ్యాయనుకుందాం: 80, 85, 90, 95, 100, 120, 140, 160, 200. నడుమది 100. ఈ ఏడాది కింది రెండు రకాల ఇళ్లు మార్కెట్‌లోకి రాలేదు, వాటి బదులు 220, 250 పలికే రెండు పెద్ద ఇళ్లు వచ్చాయి. మిగిలిన ఏడు రకాలు అవే ధరలకు అమ్ముడయ్యాయి. ఇప్పుడు నడుమది 140. ఏ ఇంటి ధరా ఒక్క రూపాయి పెరగలేదు, మధ్యగత ధర మాత్రం 40 శాతం పెరిగింది! ప్రకటనల్లో కనిపించేది ఆ 40 శాతమే.

దీనికి విరుగుడు ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడైనప్పుడు ధర ఎంత మారిందో చూడటం. బెయిలీ, మూత్, నౌర్స్ అనే ముగ్గురు 1963లో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. 1980లలో ఆర్థికవేత్తలు కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ దాన్ని మెరుగుపరిచారు. వాళ్ల పేరుతో ఉన్న ఇళ్ల ధరల సూచీ ఇప్పటికీ ఆ పద్ధతిలోనే నడుస్తోంది. మీరు సూచీ తయారుచేయనక్కరలేదు. ఈ మధ్య అమ్ముడైన ఇళ్లలో గతంలో కూడా అమ్ముడైనవి ఐదారు దొరికితే, పాత ధర, కొత్త ధర, రెండింటి మధ్య కాలం రాసుకోండి. మధ్యలో ఇల్లు కూల్చి కట్టినా, గదులు పెంచినా దాన్ని పక్కన పెట్టండి. మిగిలిన నాలుగు ఇళ్లు చెప్పేది మధ్యగత ధర చెప్పేదాని కంటే నమ్మదగినది.

కూల్చి కట్టడం గురించి ఒక మాట. ఇలాంటి చోట్ల ధరలో అధిక భాగం నేలదే. కట్టడం ఏటా పాతబడుతుంది, నేల పాతబడదు. అమ్మకం పత్రంలో ఇల్లు అని ఉన్నా, కొన్నవాళ్లు నెలలోపే కూల్చేశారంటే వాళ్లు కొన్నది స్థలమే. అలాంటి అమ్మకాన్ని, బాగా ఉన్న ఇంటి అమ్మకాన్ని పక్కపక్కన పెట్టి చదరపు అడుగు ధర పోల్చడం అర్థం లేని పని. ఈ పొరపాటు అనుభవం ఉన్నవాళ్లు కూడా చేస్తుంటారు.

పన్ను రికార్డుల్లోని విలువను మార్కెట్ ధర అనుకోకండి. ఇంగ్లండులో ఇళ్ల మీద వేసే స్థానిక పన్ను అయిన కౌన్సిల్ టాక్స్ తరగతులు ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి విలువల మీదే నడుస్తున్నాయి. అన్నిటికంటే పై తరగతి ఆనాటి 3,20,000 పౌండ్ల పైన మొదలవుతుంది. ఆ గీత దాటిన ఇళ్లన్నీ, వాటి మధ్య ఎంత తేడా ఉన్నా, ఒకే తరగతి.

జనాభా వివరాల్లోనూ ఇలాంటి పైకప్పులున్నాయి. సంపన్న ప్రాంతాలకు వచ్చేసరికి అధికారిక లెక్కలు ఒక చోట ఆగిపోతాయి. అమెరికా జనగణన విభాగం ఏటా చేసే కమ్యూనిటీ సర్వే పట్టికల్లో కుటుంబ మధ్యగత ఆదాయం 2,50,000 డాలర్లు దాటితే అంకె ఇవ్వరు, "2,50,000కు పైన" అని వదిలేస్తారు. కాలిఫోర్నియాలోని ఆథర్టన్, న్యూయార్క్ శివారు స్కార్స్‌డేల్ ఈ కోవలోకే వస్తాయి. రెండు ఊళ్లూ పట్టికలో ఒకేలా కనిపిస్తాయి, నిజంగా ఒకటి కావు. పైగా 65,000 కంటే తక్కువ జనాభా ఉన్న చోట్లకు ఆ సర్వే ఐదేళ్ల సమాధానాలను కలిపి ఇస్తుంది. 2020 జనగణనలో ఆథర్టన్ జనాభా ఏడు వేల చిల్లర. అంటే అక్కడి అంకె ఈ ఏడాది చిత్రం కాదు, ఐదేళ్ల కలగలుపు. అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెబుతూ దాని పక్కనే ఇచ్చే పొరపాటు హద్దును చూడకుండా నిరుటితో పోల్చి "ఆదాయం పెరిగింది" అనేస్తారు చాలామంది.

ఆదాయం, సంపద ఒకటి కావు. నేను చెప్పిన ఇంటి యజమానురాలికి నెలనెలా వచ్చేది పింఛను మాత్రమే. సర్వేలో ఆమె తక్కువ ఆదాయం గల కుటుంబం. ఆమె కూర్చున్న ఇల్లు అమ్మితే వచ్చేది ఉద్యోగస్తులు జీవితకాలంలో కూడబెట్టలేనంత. పెద్ద వయసు వాళ్లు పెరిగే కొద్దీ శివారు సగటు ఆదాయం తగ్గుతూ, ఇళ్ల విలువ పెరుగుతూ పోవచ్చు. "ఆదాయానికి ధర ఎన్ని రెట్లు" అనే నిష్పత్తి అక్కడ భయంకరంగా కనిపిస్తుంది. దాన్ని చూసి ధరల బుడగ పేలబోతోందని తేల్చేయకండి. కొత్తగా కొంటున్నవాళ్ల ఆదాయం ఎంతో వేరుగా చూడాలి. వాళ్లలో చాలామంది మునుపటి ఇల్లు అమ్మిన డబ్బుతోనో, తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బుతోనో వస్తారు. అది ఏ ఆదాయ పట్టికలోనూ కనిపించదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పట్టిక వయసుల వారీ జనాభా. మధ్యగత వయసు అనే ఒక్క అంకెతో సరిపెట్టుకోకండి, ఐదేళ్ల అంతరాలతో ఉన్న పట్టిక తెప్పించుకోండి. సంపన్న శివారులో అది నడుము సన్నబడిన బొమ్మలా ఉంటుంది. బడి ఈడు పిల్లలు ఉంటారు, 40 నుంచి 60 మధ్యవాళ్లు ఉంటారు, ఆ పైన వృద్ధులు ఉంటారు. ఇరవైల్లో, ముప్పైల మొదట్లో ఉన్నవాళ్లు ఉండరు. కాలేజీకి వెళ్లిన పిల్లలను చాలా దేశాల్లో చదువుతున్న చోటే లెక్కిస్తారు, ఉద్యోగంలో చేరినవాళ్లకు అక్కడ అద్దెకు దొరికే చిన్న ఇల్లు ఉండదు. ఆ శివారులో పాఠాలు చెప్పే టీచర్లు, వృద్ధులను చూసుకునే నర్సులు, తోటలు చూసేవాళ్లు కూడా ఆ పట్టికలో ఉండరు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. పగటి జనాభా, రాత్రి జనాభా వేరువేరుగా దొరికితే రెండూ చూడండి. అక్కడ జీవితం ఎవరి చేతుల మీద నడుస్తోందో తెలుస్తుంది.

వరుసగా రెండు జనగణనల పట్టికలు పక్కన పెడితే ఇంకా స్పష్టం. నిండుగా ఉన్న వయసు గుంపు పదేళ్లలో పదేళ్లు పైకి జరిగి, దాని కింద కొత్త గుంపు రాకపోతే ఆ శివారు ఉన్నవాళ్లతోనే ముసలిదవుతోందన్నమాట. కింద ముప్పైల చివర్లో ఉన్న తల్లిదండ్రులు, పదేళ్ల లోపు పిల్లలు కొత్తగా చేరుతుంటే మార్పిడి మొదలైనట్టు. మీ కాగితాల్లో పిల్లలు తగ్గారన్నారు కాబట్టి మీది మొదటి రకం కావచ్చు.

పిల్లలు తగ్గడం బడుల వరకు వస్తుంది. ఆపిల్ ప్రధాన కార్యాలయం ఉన్న కాలిఫోర్నియా పట్టణం కూపర్టినోలో మంచి బడుల కోసమే ఎక్కువ ధర పెట్టి కొన్న కుటుంబాలు ఎన్నో. అక్కడి ప్రాథమిక బడుల్లో చేరికలు ఏటా తగ్గి 2022లో కొన్నింటిని మూసేయాల్సి వచ్చింది. బడుల పేరు వల్ల ఇళ్ల ధరలు పెరిగాయి, పెరిగిన ధరలకు చిన్న పిల్లలున్న కుటుంబాలు రాలేకపోయాయి, బడులు ఖాళీ అయ్యాయి. మీరు బడి కోసమే అక్కడ కొంటుంటే, పదేళ్లకు ఆ బడి పరిధి గీతలు ఎలా మారవచ్చో స్థానిక విద్యాశాఖను అడగండి. ఆ గీత విలువ చిన్నది కాదు. ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ 1999లో బోస్టన్ శివార్లలో బడి పరిధి గీతకు ఇటూ అటూ ఉన్న ఇళ్లను పోల్చి చూశారు. ఇరుగుపొరుగు అంతా ఒకటే, బడి మాత్రం వేరు. పరీక్షల మార్కులు 5 శాతం ఎక్కువ ఉన్న వైపు ఇంటికి తల్లిదండ్రులు 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని తేలింది. గీత జరిగితే ఆ అదనం కూడా జరుగుతుంది.

అయితే ఈ పెద్ద తరం వెళ్లిపోయాక ఇళ్లన్నీ ఒక్కసారి అమ్మకానికి వచ్చి ధర కూలుతుందా? మీరు అడగలేదు గానీ ఆగి చూద్దామా అనే ఆలోచన వెనుక ఉన్నది ఇదే. ఒక్కసారిగా రావు. వారసులు ఒక్కో ఇంట్లో ఒక్కో వేగంతో తేల్చుకుంటారు, అప్పు లేని ఇల్లు ఎంతకాలమైనా ఆగగలదు. ఎలా వస్తాయనేది దేశ చట్టాల మీద ఆధారపడుతుంది. జపాన్‌లో టోక్యో శివారు డెనెన్‌చోఫు చూడండి. పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచి 1918లో స్థాపించిన సంస్థ పచ్చదనం మధ్య ఇళ్లు ఉండే ఉద్యాన నగరం నమూనాలో, రైల్వే స్టేషన్ చుట్టూ అర్ధచంద్రాకార వీధులతో దాన్ని వేసింది. ఆ దేశంలో వారసత్వ పన్ను గరిష్ఠ రేటు 55 శాతం. పెద్ద స్థలం వారసత్వంగా వస్తే పన్ను కట్టడానికి దాన్ని ముక్కలు చేసి అమ్మడం తప్పలేదు. శివారు రూపం పోతుందని నివాసులు కనీస స్థలం మీద హద్దులు పెట్టుకున్నారు. హద్దు పెడితే వారసుడికి కష్టం, పెట్టకపోతే ఊరి రూపానికి కష్టం.

నిబంధనలు సడలితే కథ మారుతుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో నివాస భూమిలో నాలుగింట మూడు వంతుల మేర ఎక్కువ ఇళ్లు కట్టేందుకు వీలిచ్చింది. తర్వాత ఏళ్లలో కొత్త ఇళ్ల అనుమతులు బాగా పెరిగాయి. చిన్న పాత ఇల్లున్న పెద్ద స్థలాల విలువ, నిండుగా కట్టేసిన స్థలాలతో పోలిస్తే ఎక్కువ పెరిగింది. మీరు కొనే శివారులో ఇలాంటి ప్రతిపాదన ఏదైనా చర్చలో ఉందేమో పురపాలక సంఘం సమావేశాల రికార్డుల్లో చూడండి. నేనైతే మహా అయితే రెండేళ్ల రికార్డులు చదువుతాను, ఎక్కువ సమయం పట్టదు.

ధర తగ్గే రోజులు వచ్చినా ఇలాంటి చోట అది ముందు ధరలో కనిపించదు, అమ్మకాల సంఖ్యలో కనిపిస్తుంది. నష్టానికి అమ్మాల్సి వచ్చే యజమానులు అడిగే ధరను ఎక్కువగా పెట్టి ఆగుతారని ఆర్థికవేత్తలు జెనెసోవ్, మేయర్ 2001లో బోస్టన్ అపార్టుమెంట్ల మీద చూపించారు. అప్పు లేని సంపన్నులు ఇంకా ఎక్కువ కాలం ఆగగలరు. అందుకే ప్రకటించిన ధర పక్కన, ఇల్లు ఎన్ని రోజులుగా మార్కెట్‌లో ఉందో, మధ్యలో ఎన్నిసార్లు తీసి మళ్లీ పెట్టారో చూడండి. తీసి పెట్టగానే రోజుల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టే వెబ్‌సైట్లు ఉన్నాయి, కాబట్టి ఏజెంటును నేరుగా అడగాలి.

కొనే ముందు తేల్చుకోవలసిన ముఖ్యమైన అంకె ఇంకోటి ఉంది: మొత్తం ఇళ్లలో ఏడాదికి ఎన్ని చేతులు మారుతున్నాయి. 3,000 ఇళ్లలో 60 అమ్ముడైతే 2 శాతం. ఆ వేగంతో ప్రతి ఇల్లూ ఒకసారి చేతులు మారడానికి యాభై ఏళ్లు పడుతుంది. అలాంటి చోట మీరు తొందరగా అమ్మాల్సి వస్తే కొనేవాళ్లు దొరుకుతారు గానీ, పోల్చడానికి తాజా అమ్మకాలు ఉండవు, బేరం మీ చేతిలో ఉండదు. మీ ఉద్యోగం ఐదేళ్లలో వేరే నగరానికి మారే అవకాశం ఉంటే కొనకండి, అద్దెకు చూసుకోండి. ఖరీదైన శివార్లలో ఏడాది అద్దె ఇంటి ధరలో చాలా చిన్న శాతమే ఉంటుంది. కొన్నవాళ్లకు అది తక్కువ రాబడి, అద్దెకు ఉండేవాళ్లకు అదే లాభం. పదిహేను, ఇరవై ఏళ్లు ఉండేలా వెళ్తుంటే కొనండి, మెట్లెక్కకుండా పడుకోగలిగే గది కింద ఒకటి ఉన్న ఇల్లు చూసుకోండి.

గత రెండేళ్ల అమ్మకాల జాబితా సంపాదించండి. అందులో స్థల విస్తీర్ణం, కట్టిన ఏడాది, ఇంతకు ముందు అమ్ముడైన ధర ఉండాలి. దానితో పాటు చివరి రెండు జనగణనల వయసుల పట్టికలు కూడా ఇక్కడ పెడితే, మీ శివారు ఏ దశలో ఉందో చూసి చెబుతాను.